బాదం ఆకు కింది బొచ్చు

నేతపనికి వలసొచ్చిన డిండోలిలో మా గదికీ కొమురవ్వ గదికీ మధ్య ఒకటే గోడ. ఆమె ఇంట్లో దారం కండెలు చుట్టేది. ఆమె పెనిమిటి నర్సింగం, నేను ఒకే కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్ళం. తొంభై ఆరు వానాకాలంలో నర్సింగం మెడంతా, వీపంతా ఎర్రటి దద్దుర్లు లేచాయి. అది అంటురోగమని పని పంచే మా మాస్టర్ రాజనర్సు చెవిన వేసింది నేనే. దాచడమెందుకు, భయమేసింది. రెండేళ్ల కింద ప్లేగంటే ఊరు సగం ఖాళీ అయింది, నాకూ పిల్లలున్నారు. రాజనర్సు నర్సింగాన్ని ఇంటికి పంపేశాడు. వారంలో తగ్గకపోతే ఆ సాంచాలు ఇంకొకరికి ఇస్తానన్నాడు.

చెప్పింది నేనేనని కొమురవ్వకు ఆ పూటే తెలిసింది. అయినా నాతో తగవు పడలేదు. ఆరేసిన మొగుడి అంగీ తెచ్చి, దాని మీది సన్నటి నూగును గోటితో గీకి పోగు చేసింది. దారం ఏ రకమో తెలియకపోతే మావాళ్ళు కొస కాల్చి వాసన చూస్తారు. ఆమె కూడా అగ్గిపుల్ల గీసింది. పాలిస్టరైతే కరిగి ముద్ద కట్టాలి. ఇదేమో వెంట్రుకలు కాలిన కంపు కొట్టింది.

"ఇది సాంచె నూగు గాదు. ఏదో పురుగు బొచ్చు," అంది.

బట్టలారేసే తీగ మీదికి బాదం కొమ్మలు వంగి ఉంటాయి. ఒక ఆకు తిరగేస్తే కుచ్చులు కుచ్చులుగా బొచ్చున్న గొంగళి పురుగులు కనబడ్డాయి. ఇంకో ఆకు కింద అదే జాతి తల్లి, పసుపు రెక్కల పురుగు, తన తోక బొచ్చునే గుడ్ల మీద దుప్పటిలా కప్పిపెట్టింది. వీటిలో ఆముదం మీద పెరిగేది ఒక రకం, గులాబీ మీద ఒక రకం, ఇది బాదం రకమట. దురద పెట్టడంలో మాత్రం అన్నీ ఒకటేనంది.

ఆ ఆకు పట్టుకుని నేరుగా కార్ఖానాకు వచ్చింది.

"అన్నా, నా చెయ్యి సాఫ్‌గున్నది గదా, జర చూడుండ్రి," అని రాజనర్సుకు చూపించి, ఆ బొచ్చును తన ముంజేతికే రుద్దుకుంది. కండెలు చుట్టే చెయ్యి అది. పావుగంటలో అచ్చం నర్సింగానికి లేచినట్టే దద్దుర్లు లేచాయి. రాజనర్సు రేపటినుంచి నర్సింగాన్ని పంపమన్నాడు.

సాయంత్రం ఆమె కర్రకు గ్యాసునూనె గుడ్డ చుట్టి పురుగులను కాలుస్తోంది. చెయ్యి మోచేతిదాకా వాచింది. చూడలేక దగ్గరికి పోయాను.

"ఇటియ్యి చెల్లె, నేను కాలుస్త."

"నువ్వు జర దూరం జరుగన్నా. ఈ బొచ్చు నీకంటితే చేతులు వాచి నీ పని గూడ పోతది."

ఎత్తిపొడుస్తోందేమోనని ఆమె ముఖం చూశాను. లేదు, నిజంగానే నా గురించి భయపడుతోంది.