వంతెన చీలిందని చెప్పినాను

ఏడేండ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు ప్రొద్దుటూరులో ఆక్సిజన్ సిలిండర్ల బండి తోలేవాణ్ణి. ఒక పొద్దున భూమి కదిలింది. కరెంటు పోయింది. పులివెందుల దగ్గర పల్లెలో గొర్రెలు మేపుకునే ఈరన్న భార్య లక్ష్మక్కకు ఊపిరితిత్తులు ముందే చెడిపోయి ఉన్నాయి. కరెంటుంటే మిషను, లేకుంటే నేనిచ్చే సిలిండరు.

లోడుతో బయల్దేరినాను. పెన్నా వంతెన దాటి పోవాల. జమ్మలమడుగులో పాత మట్టిమిద్దెలో నా భార్య ఒక్కతే ఉంది, ఏడో నెల. ఎన్నిసార్లు చేసినా ఫోను తగల్లేదు. వంతెన దాకా పోకుండానే బండిని ఇంటిదారి పట్టించినాను.

అది తప్పా? ఇప్పటికీ తప్పనుకోను. తప్పు ఆ తర్వాత చేసినాను.

దారిలో ఈరన్న ఫోను.

"యాడుండావప్పా? సిలిండరు అయిపోవస్తాంది."

"వంతెన కాడుండా మామా. చీలింది. బండ్లను పోనీలేదు."

"ఇంకెవురన్నా తెస్తారేమో అడుగుదునా?"

"ఎవురూ రాలేరు మామా."

ఎందుకన్నాను ఆ మాట? ఇంటికి పోతాండానని చెప్పింటే తిట్టేవాడు. తిట్టి, ఇంకో బండిని పిలిపించుకునేవాడు. బండ్ల ఓనరుకూ అదే అబద్ధం చెప్పినాను. నన్ను నమ్మి ఆయన తక్కిన బండ్లనూ ఆపేసినాడు.

ఇంటికి చేరేసరికి నా భార్య వీధిలో ఆడోళ్లతో కూర్చోని టీ తాగుతా ఉంది.

వంతెనకేమీ కాలేదని మధ్యాహ్నానికి ఓనరుకు తెలిసింది. ఎవరో పుకారు పుట్టిస్తే నమ్మి కాసేపు బండ్లను ఆపింటారనుకున్నాడు. వేరే బండి పంపినాడు. అప్పటికే ఈరన్న చూసి చూసి, లక్ష్మక్కను ఆటోలో పండబెట్టుకోని కడపకు బయల్దేరినాడు. వేంపల్లె రాకముందే ఆమె పోయింది.

దినాలకు పోయినాను. పోకుంటే అనుమానపడతారని పోయినానో, ఉండలేక పోయినానో, నాకే తెలీదు. నా విస్తట్లో ఈరన్నే అన్నం పెట్టినాడు.

"నువ్వేం జేస్తావప్పా, దారి లేకపాయె" అన్నాడు.

తల వంచుకోని తిన్నాను. మజ్జిగ కూడా పోయించుకున్నాను.

సిలిండరు చేరింటే బతికేదా? ఇంకో నెల బతికేదేమో, ఇంకో ఏడాదేమో. ఎంతైనా ఆ కాలం ఆమెది, ఆయనది. నాది కాదు.

ఈరన్న ఇంకా ఉన్నాడు. ఆయన ముందర నిలబడి చెప్పాల్సిన మాట మీకు చెప్పినాను. మన్నించమని అడగను, మన్నించాల్సింది మీరు కాదు. అబద్ధమాడినాను. ఇన్నేండ్లలో ఈ మాట నా నోటెంట రావడం ఇదే మొదలు.