నాలుగో ట్రాకు చివర్లో

ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే శిల్పి ఒకాయన నాకు చాలా ఏళ్లుగా స్నేహితుడు. నంద్యాల విలేకరిగా ఆయన పని గురించి రాయడానికి వెళ్లాను. రాయడం అయిపోయాక కూడా వెళుతూనే ఉన్నాను.

ఒక మధ్యాహ్నం రాయి కోసే గ్రైండర్ ఆపి అన్నం తింటూ ఫోనులో ఏదో సంగీతం పెట్టాడు. మాటల్లేవు. నిదానంగా నడిచే బీటు, దాని మీద నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు కీబోర్డు. ఇలాంటి ఎలక్ట్రానిక్ సంగీతాన్ని డౌన్‌టెంపో అంటారట. చేసినవాడెవడో, ఏ దేశమో ఆయనకూ తెలియదు. వేరే పాట అయిపోయాక దానంతట అదే మొదలైందట. మొత్తం ఎనిమిది ట్రాకులు. ఫోనులో కనిపించే లెక్క ప్రకారం అప్పటికి దాన్ని విన్నవాళ్లు వందమంది కూడా లేరు.

“ఏందప్పా ఇది, ఎంతసేపటికీ మొదలు కాదే?” అన్నాను.

“నీకేమో అన్నీ పేపరోళ్ల మాదిరి బేగా అయిపోవాల. ఇది రాయి పనప్పా. నిదానం మీద తేలతాది.”

ఎనిమిదీ నా ఫోనుకు పంపాడు. నేను వినలేదు. పత్రికలో పనిచేసేవాడికి కవితల పుస్తకాలు, భక్తి పాటల సీడీలు తెచ్చిచ్చేవాళ్లు ఎక్కువ. తెరవకుండానే “చూశానండీ, బాగుంది” అనడం నాకు అలవాటైపోయింది. ఆయనకూ అదే చెప్పాను. ఆయన సంతోషించాడు. ఆ సంగీతం గురించి మాట్లాడటానికి ఆయనకు ఇంకెవరూ లేరు.

కొన్ని నెలల తర్వాత ఒక సాయంత్రం, ఆఖరి నిమిషంలో ప్రకటన వచ్చి ఏ వార్త తీసేయాలా అని తంటాలు పడుతుంటే ఫోన్ చేశాడు.

“అప్పా, నాలుగో దాంట్లో చివర్న సన్నగా గంట మాదిరి మోగతాది గదా. ఇప్పుడు నాకు ఇనపడటంల్యా. నీ దాంట్లో ఉండాదా?”

“నా దాంట్లోనూ ల్యాదప్పా. ఫైలు చెడిపోయింటాది.”

“బతికిస్తివి. మెషిన్ మోతకు నా చెవులే పోతాండాయేమో అనుకొంటి,” అని నవ్వాడు.

నేనూ నవ్వి పెట్టేశాను. రెండు వాక్యాల ప్రమాద వార్తకు కూడా పోలీసులనూ ఆసుపత్రినీ విడివిడిగా అడిగి రాసినవాణ్ని.

ఏడాది గడిచాక ఒక పెళ్లికని బస్సులో చాగలమర్రి వెళుతున్నాను. సిగ్నల్ లేదు. ఫోనులో ఉన్నది ఆ ఆల్బమ్ ఒక్కటే. మూడో ట్రాకుకే నాకు నచ్చేసింది. ఇన్నాళ్లూ వినకపోతినే అనుకున్నాను. నాలుగోది ముగుస్తుండగా గాజు గ్లాసుకు చెంచా తగిలినట్టు వినిపించింది. సన్నగా, స్పష్టంగా, మూడుసార్లు.

చాగలమర్రికి టికెట్ తీసుకున్నవాణ్ని ఆళ్లగడ్డలోనే దిగిపోయాను.

ఆయన పనిచేసే చోటికి వెళ్లి వెనక నుంచి పిలిస్తే ఆయన తిరగలేదు. ముందుకు వెళ్లి నిలబడ్డాక గ్రైండర్ ఆపాడు. చెవుల్లో దూది కూడా లేదు. మెల్లగా చెబుదామనుకున్న మాట గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

“ఆ గంట మోత ఉండాదప్పా! నేను ఆరోజు ఇననే లేదు! ఇనకుండానే ల్యాదని చెప్పినా!”

పక్కన చెక్కుతున్న ఇద్దరు పనివాళ్లు ఉలులు ఆపి చూశారు. ఆయన చేతుల దుమ్ము దులుపుకున్నాడు.

“ఇనలేదని చెప్పింటే ఏం పోతాండెనప్పా? నేనేమన్నా కొడతాంటినా?” అన్నాడు. గ్రైండర్ వైపు చూసి, “నా ఫైలు బాగుండాదన్నమాట,” అన్నాడు.

మరుసటి వారం నంద్యాలలో చెవుల డాక్టరుకు చూపించాం. పోయిన వినికిడి తిరిగి రాదని, మోతకు దూరంగా ఉంటే మిగిలింది నిలవచ్చని చెప్పాడు. మొదట ఎప్పుడు గమనించారని అడిగాడు. ఆ ప్రశ్న ఆయనకు అందలేదు. నేనే ఆయన చెవి దగ్గర గట్టిగా మళ్లీ అడిగాను.

ఆయన డాక్టరు వైపు కాకుండా నా వైపు చూశాడు.

“ఈ మధ్యనే. రెండు నెల్లయింటాది,” అన్నాడు.

డాక్టరు అలాగే రాసుకున్నాడు. ఏడాది కింద ఆ ఫోను ఎత్తినవాణ్ని, అది తప్పని చెప్పాల్సినవాణ్ని నేను. చెప్పలేదు.