ఓధవ్ కాకా కుడికన్ను

సూరత్‌లో మా వరాఛా వీధిలో వజ్రం కొనాలంటే ముందు వెళ్లాల్సింది దుకాణానికి కాదు, ఓధవ్ కాకా ఇంటికి. ముప్పై ఎనిమిదేళ్లు సాన ముందు కూర్చుని రాళ్లకు ముఖాలు దిద్దిన మనిషి ఆయన. మరి ఏం మిగుల్చుకున్నాడయ్యా అంటే, "ఇల్లు కొడుకుది, నడుము డాక్టరుది, కన్నొక్కటే నాది" అని నవ్వేవాడు. కాకా బాగుందంటే ఆ రాయిని మేం కళ్లు మూసుకుని కొనేవాళ్లం. ఆ మాటే ఆయన పరువు.

మగ్గాల పనికని మావారి వెంట నేను సూరత్ వచ్చి ఇరవై ఆరేళ్లయింది. వీధంతా నన్ను తెలుగుబెన్, అంటే తెలుగక్క, అంటుంది. కాకా వసారాకీ మా వంటింటికీ మధ్య ఒక్కటే గోడ. గోడలకు చెవులుంటాయంటారు చూడండి, ఆ గోడకున్నవి నా చెవులే.

మా బజారులో రాళ్లను తెల్లకాగితంలో మడిచి, నమ్మకం మీద ఇంటికి పంపుతారు. రసీదు ఉండదు, సంతకం ఉండదు. బంగారంలో పొదగకముందే చూసుకోవాలి, పొదిగాక రాయి రంగు బంగారం చాటున దాక్కుంటుంది. కాకా పొద్దున్నే ఉత్తరం వైపు తిరిగి కూర్చునేవాడు. ఎండ సోకని వెలుతురులో కాగితాన్ని దోనెలా మడిచి, రాయిని బోర్లా పెట్టేవాడు.

"పైనుంచి చూస్తే ప్రతి రాయీ పెళ్లికూతురే. పక్కనుంచి చూడండి, అసలు రంగు బయటపడుతుంది. చిన్న మచ్చుంటే పోనీలే అనుకోవచ్చు. సానపట్టిన పనితనం చెడిందా, వెలుతురంతా చిల్లుకుండలో నీళ్లలా కిందికి కారిపోతుంది," అని పాఠం చెప్పేవాడు. ఈ సేవకు ఆయన పుచ్చుకునేది ఒక్క అల్లం టీ. దాన్ని సాసర్లో పోసుకుని వీధి చివరిదాకా వినబడేలా జుర్రేవాడు.

మా ఎదురింటి లాభుబెన్ ఇంట్లో కూర్చుని చీరలకు గాజురాళ్లు అంటిస్తుంది. పదిహేడేళ్లలో లక్షల రాళ్లు ఆమె వేళ్ల మీదుగా వెళ్లిపోయాయి, ఒక్కటీ ఆమెది కాదు. చెవులకు ఒక జత నిజం వజ్రాల దిద్దులు, అదొక్కటే పాపం ఆమె కోరిక. రెండేళ్లలో మూడుసార్లు పొట్లం తెచ్చి కాకా ముందు విప్పింది. మూడుసార్లూ కాకా తల అడ్డంగా ఊపాడు.

"పసుపు ఛాయ ఉంది తల్లీ, విలువ తక్కువ. వాపసిచ్చెయ్."

మూడోసారి వాపసివ్వడానికి వెళ్తే దుకాణంవాడు నలుగురి ముందూ, "మీకు నచ్చే రాయి ఇంకా గనిలోనే ఉన్నట్టుంది బెన్, తవ్వి తీశాక కబురు చేస్తాం" అన్నాడట. అందరూ నవ్వారట. లాభుబెన్ ఇంటికొచ్చి, "నా మొహానికి గాజే రాసిపెట్టుంది తెలుగుబెన్" అని మళ్లీ జిగురు ముందు కూర్చుంది. ఆ తర్వాత దిద్దుల ఊసెత్తలేదు. ఇంకోసారి చూడమని అడగాలనిపించింది నాకు, కానీ కాకా మాటకు ఎదురు చెప్పడానికి నేనెవర్ని?

ఈ చలికాలంలో కాకా టీని సాసర్లో కాకుండా చాప మీద పోస్తున్నాడని కోడలు గమనించి ఆసుపత్రికి తీసుకెళ్లింది. రెండు కళ్లలోనూ శుక్లాలట. ముందు కుడికంటికి ఆపరేషన్ చేశారు. పట్టీ విప్పిన మర్నాడు పొద్దున్నే గోడ అవతలి నుంచి కేక వినిపించింది.

"తెలుగుబెన్! ఒకసారి ఇలా రా!"

వెళ్లేసరికి ఒళ్లో ఖాళీ కాగితం పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇదేం రంగు?"

"తెలుపు. ఆపరేషన్ కంటికి చేశారా కాకా, బుర్రకి చేశారా?"

ఆయన నవ్వలేదు. ఎడమకన్ను చేత్తో మూసి చూశాడు. తర్వాత కుడికన్ను మూసి చూశాడు.

"కొత్తకంటికి తెలుపు. పాతకంటికి టీ ఒలికినట్టుంది," అన్నాడు. "నేను చూసిన పసుపు ఆ రాళ్లలో లేదమ్మా. నా కళ్లలో ఉంది. లాభు రాళ్లు..."

మీకు నిజం చెప్పాలి కదా. నేను గభాలున తలుపు మూసి, "ఊరుకో కాకా! నువ్వు చెప్తే తప్ప ఎవరికి తెలుస్తుంది? ఈ వయసులో పరువు పోగొట్టుకుంటావా?" అన్నాను. ఆ మాటన్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"సాన మీద రాయి ఎక్కువ అరిగిపోతే మళ్లీ పెంచలేం," అన్నాడాయన. "కానీ అరగదీసింది నేనేనని రాయి ఇచ్చిన షేఠ్‌కి అదే పూట చెప్పి తీరాలి. దాచినవాణ్ణి మళ్లీ సాన దగ్గరికి రానివ్వరు."

నల్లకళ్లద్దాలు పెట్టుకుని, కర్ర తీసుకుని వీధి దాటాడు. నేను ఊరుకుంటానా, వెనకే వెళ్లాను.

లాభుబెన్ ఒళ్లో గులాబీరంగు చీర ఉంది. కూర్చోమన్నా కాకా కూర్చోలేదు.

"లాభూ, ఆ మూడు జతలూ మంచివే అయ్యుంటాయి. చెడింది నా కన్ను. నలుగురిలో నిన్ను నవ్వులపాలు చేశాను. ఇక ఎవరికీ రాయి చూడను. వీధిలో అందరికీ నేనే చెప్పేస్తాను."

ఆమె చేతిలో జిగురు పుల్ల ఆగిపోయింది. తర్వాత అందుకుంది చూడండి!

"మూడుసార్లు కాకా! మూడుసార్లు ఆ దుకాణం మెట్లు తలదించుకుని దిగాను! కనబడకపోతే కనబడట్లేదని చెప్పి చావొచ్చుగా!"

"కనబడకపోతే చెప్పేవాణ్ణే తల్లీ. నాకన్నీ కనబడ్డాయి, పసుపుగా."

లాభుబెన్ ఒక్కో వేలికున్న జిగురూ గుడ్డతో తుడుచుకుంది.

"రెండో కన్ను ఎప్పుడు?"

"హోలీ అయ్యాక అన్నారు."

"అయితే దిద్దులు కూడా హోలీ అయ్యాకే. రెండు కళ్లతో చూసి చెప్పు."

"చూడనని చెప్పానుగా."

"నువ్వు కాక ఎవరు చూస్తారు, ఆ దుకాణంవాడా? తప్పు తనదని చెప్పడానికి వాడు ఏనాడైనా నా గడప తొక్కాడా?"

కాకా నల్లకళ్లద్దాల కిందనుంచి ఒక చుక్క చెంప మీదికి జారింది. లాభుబెన్ ఒళ్లో చీరని విసిరేసి లేచింది.

"అయ్యో అయ్యో, ఏడవకు! తెలుగుబెన్, తుడువు, మెల్లగా! కంట్లో నీళ్లు పడకూడదని డాక్టరు చెప్పలేదా? నా దిద్దులు చూడాల్సిన కన్నది!"