రెండోసారి వెయ్యను

మా కుక్క పనికిరాదని క్వార్టర్స్‌లో అందరూ తేల్చేశారు. నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను.

తొంభైల మధ్యలో మేం ఢిల్లీ కంటోన్మెంట్‌లో ఉండేవాళ్ళం. నాన్న సైన్యంలో సుబేదార్. నేను మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఘాజియాబాద్‌లో స్ప్రింగులు తయారుచేసే ఒక కార్ఖానాలో ట్రెయినీగా చేరాను. బదిలీ మీద వెళ్ళిపోతూ ఒక ఆఫీసరు తన లాబ్రడార్ పిల్లను నాన్నకు అప్పగించారు. "రిట్రీవర్ జాతి, సుబేదార్ సాబ్. విసిరింది తెచ్చి చేతిలో పెట్టడం దీని రక్తంలోనే ఉంది" అని మరీ చెప్పి ఇచ్చారు.

నాన్న ఆ మాట కనబడిన వాళ్ళందరికీ చెప్పుకున్నారు. అమ్మ పాత కిట్‌బ్యాగ్ గుడ్డ కత్తిరించి, లోపల రంపపు పొట్టు కూరి, పిడికిట పట్టేంత సంచీ కుట్టింది. మొదట్లో ఆ సంచీ అంటే కుక్కపిల్లకు ప్రాణం. సంచీ ఇంకా గాల్లో ఉండగానే ఇది పరుగెత్తేది. తెచ్చి, కింద పడెయ్యకుండా, చేతిలో పెట్టేది. పక్క క్వార్టర్ల వాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని గోడ దగ్గర నిలబడి చూసేవారు.

చలి మొదలయ్యేసరికి మానేసింది. విసిరితే సగం దూరం వెళ్ళి, గడ్డి వాసన చూసి, అక్కడే పడుకునేది. ఇంకోసారి విసిరితే నా వైపు చూసి ఆవలించేది.

కారణాలన్నీ వరసగా పెట్టుకుని ఒక్కొక్కటే కొట్టేశాను. పళ్ళ నొప్పా? నోరు తెరిచి చూశాను, బాగానే ఉన్నాయి. సంచీ బరువెక్కిందా? పొట్టు తీసి ఎండబెట్టి మళ్ళీ కూరాను. గడ్డిలో ముళ్ళున్నాయా? మైదానంలో వేరే మూలకి తీసుకెళ్ళాను. తిండి సరిపోవడం లేదా? అమ్మ ఉన్న ఇంట్లో ఆ ప్రశ్నే లేదు.

నాన్న దగ్గర ఒకటే కారణం, ఒకటే మందు.

"దానికి డ్రిల్లు చాల్లేదు. తేలేదా, మళ్ళీ వెయ్యి. అప్పటికీ తేకపోతే చెవి మెలిపెట్టు, నోరు తెరుస్తుంది. సంచీ నోట్లో పెట్టు. రిక్రూట్లందరూ అలాగే దారిలో పడతారు."

"రిక్రూట్లకి చెవులు మెలిపెడతారా నాన్నా?"

"నీకు మెలిపెట్టాల్సింది. చిన్నప్పుడే."

చెవి జోలికి పోనని చెప్పేశాను. 'మళ్ళీ వెయ్యి' అన్నది మాత్రం నాకూ సబబుగానే తోచింది. కార్ఖానాలో నేను చేసే పని అదే. స్ప్రింగును యంత్రంలో బిగించి, అది విరిగేదాకా నొక్కి వదలడం, నొక్కి వదలడం. విరిగితే పరీక్ష పూర్తయినట్టు. సాయంత్రం బస్సు దిగి, బూట్లు కూడా విప్పకుండా మైదానానికి పోయి, కుక్క ఇంక కదలనని పడుకునేదాకా సంచీ విసిరేవాణ్ణి.

ఈలోగా మెస్సుకు కూరగాయలు వేసే కాంట్రాక్టరు కన్ను దానిమీద పడింది. ఆయనకు గుర్గావ్ అవతల పొలాలున్నాయి. మోటారు గది దగ్గర కాపలాకి కుక్క కావాలట.

"ఆడకపోతే ఏం సాబ్, భౌంకేగీ తో సహీ! మొరిగితే చాలు. గొలుసేసి కట్టేస్తాం" అన్నాడు నవ్వుతూ.

అప్పటికే నాన్న బదిలీ కబురు చెవిన పడుతోంది. "ఈ పనికిరాని దాన్ని రైల్లో ఎవడు మోస్తాడు? ఆదివారం ఆయన జీపు తెస్తాడు. ఆయన కళ్ళముందు సంచీ తెచ్చి నీ చేతిలో పెట్టిందా, మనతో ఉంటుంది. లేదా, జీపెక్కుతుంది" అని తేల్చారు నాన్న.

"ఆ గొలుసేదో తెచ్చి నన్ను కూడా కట్టెయ్యమనండి" అంది అమ్మ, పెనం మీద రొట్టె తిరగేస్తూ. ఆయన వినిపించుకోలేదు.

కిటుకు దొరికింది అమ్మ దగ్గరే. ఆమె పాల బూత్ నుంచి వచ్చేసరికి, ఇంట్లో వేసుకునే హవాయి చెప్పు ఒకటి నోట కరుచుకుని కుక్క వరండాలో సిద్ధంగా ఉండేది. అమ్మ చెప్పు అందుకుని, "చాల్లే, ఇంక నడు" అని కాలికి తొడుక్కునేది. ఆపైన పొద్దెక్కేదాకా అది అమ్మ పాదాల వెంటే, ఆ చెప్పు మీద చూపు తిప్పకుండా, వంటింట్లోకీ బయటికీ తిరిగేది. ఆ చెప్పు మీద దానికి ఒక్కనాడూ విసుగు రాలేదు. అమ్మ ఎప్పుడూ ఆ ఆట రెండోసారి ఆడించలేదు మరి. ఆవిడకి అంత తీరికెక్కడిది?

లోపం కుక్కలో లేదు, పరీక్షలో ఉంది. నా ఆట రోజూ అది అలిసి ఓడిపోయిన చోట ముగుస్తోంది. అమ్మ ఆట దానికి ఇంకా కావాలని ఉండగానే ముగుస్తోంది. విరగడంతో స్ప్రింగు పరీక్ష ముగియవచ్చు, కుక్క చదువు అలా ముగియకూడదు.

అది గమనించిన రోజే సంచీని ట్రంకు పెట్టెలో పెట్టి మూత వేశాను. సాయంత్రం తీసి, ముక్కు దగ్గర ఆడించి, ఒక్కసారే విసిరాను. నింపాదిగా వెళ్ళి తెచ్చింది. అందుకుని పెట్టెలో పెట్టేశాను. అది మూత వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది.

"ఒక్కసారా? అది ట్రెయినింగా, ప్రసాదమా?" అన్నారు నాన్న.

"ప్రసాదమే అనుకోండి."

శనివారానికి కుక్క ఆ పెట్టె ముందు నుంచి లేవడం మానేసింది.

ఆదివారం కాంట్రాక్టరు జీపు మైదానం పక్కనే ఆపాడు. వెనక సీటు మీద కొత్త గొలుసు మెరుస్తోంది. నేను సంచీ తీసి, కుక్క మెడపట్టీ పట్టుకుని ఆపి, దూరంగా విసిరి, వదిలాను. గడ్డి చీల్చుకుంటూ పోయింది. పోయినంత వేగంగానూ వచ్చింది. సంచీ నా చేతిలో పెట్టింది.

"అరే వాహ్! ఏక్ ఔర్" అన్నాడు కాంట్రాక్టరు.

"ఇంకోటి వెయ్యి" అన్నారు నాన్న.

నేను సంచీని జాకెట్టు లోపల పెట్టుకుని జిప్పు లాగేశాను. "వెయ్యను. ఇవాళ్టికి అయిపోయింది."

"ఒక్కసారంటే గాలివాటం సాబ్, తుక్కా భీ తో లగ్ జాతా హై" అన్నాడు కాంట్రాక్టరు.

నాన్న మెడ మీద నరం లేచింది. "వెయ్యమంటున్నాను. ఆర్డర్."

"నేను మీ పల్టన్‌లో లేను నాన్నా. తెచ్చి చేతిలో పెట్టాలన్నారు, పెట్టింది. కావాలంటే ఆ గొలుసు నా మెడకి వేసి తీసుకెళ్ళమనండి. రెండోసారి మాత్రం వెయ్యను."

కుక్క మా గొడవ పట్టించుకోలేదు. రెండు కాళ్ళ మీద లేచి, నా జాకెట్టు జిప్పును ముక్కుతో పొడుస్తూ, కుంయ్ కుంయ్‌మంటూ బతిమాలుతోంది.

కాంట్రాక్టరు పగలబడి నవ్వాడు. "కుక్క తయ్యారే సాబ్! మొండికేసింది మీ లడ్కా!"

నాన్న కుక్కను చూశారు. తర్వాత కాంట్రాక్టరుతో, "తెచ్చింది కదా, చూశారుగా. ఠీక్ హై. ఇది మాతోనే ఉంటుంది" అన్నారు. నా వైపు తిరిగి, "నీ సంగతి ఇంట్లో చూస్తా" అన్నారు.

మర్నాడు పొద్దున నేను బస్సుకి బయల్దేరుతుంటే, ఆయన ట్రంకు పెట్టె దగ్గర నిలబడి ఉన్నారు. పక్కన కుక్క.

"ఆ సంచీ ఓసారి తియ్యి."

"ఎన్నిసార్లు వేస్తారు?"

"ఒరేయ్, నేను సుబేదార్‌ని రా!"

"అందుకే అడుగుతున్నా."

"ఒక్కసారే" అన్నారు గోడ వైపు చూస్తూ.

ఇచ్చాను. బస్సు పోతే పోనీ అని నేనూ వెంట వెళ్ళి మైదానం గట్టున నిలబడ్డాను. నాన్న ఒంట్లో బలమంతా పెట్టి విసిరారు. పొగమంచులో మాయమైన కుక్క క్షణంలో తిరిగొచ్చి ఆయన చేతిలో సంచీ పెట్టి, మళ్ళీ దూకడానికి ఒళ్ళు వంచింది. ఆయన చెయ్యి దానంతటదే వెనక్కి లేచింది.

నేను అరచెయ్యి చాపాను.

ఆయన చెయ్యి అలాగే కాసేపు గాల్లో ఆగింది. తర్వాత నాన్న గడ్డి మీద నడుచుకుంటూ వచ్చి, సంచీ నా చేతిలో పెట్టారు.