తెగిపోయిన కాడిదాకనే పాట

ఇయ్యాల పొద్దుగాల గద్వాల నుంచి వనపర్తికి బస్సుల వస్తుంటి. నా పక్కన కూసున్న పెద్దామె, సంతకు పోయిన పిల్ల మీద ఒక జానపద పాట మెల్లగ పాడుకుంటుండె. చిన్నప్పుడు మా అక్క, నేను పల్లీలు ఒలుచుకుంట రోజూ విన్న క్యాసెట్ల పాట అది. నాకు తెల్వకుండనే నేను గూడ అందుకున్న. రెండో చరణం నడుమ ఇద్దరం ఒక్క మాట కాడనే టక్కున ఆగినం. ఆమె నా దిక్కు చూసి నవ్వింది.

"నీది గూడ వనపర్తిల రికార్డింగు చేయించిన క్యాసెట్టేనా, బిడ్డా?"

అవును. ఆ రికార్డింగు షాపాయన అందరికి అవే పాటలు అదే వరుసల ఎక్కించేటోడు; ఆయన చేసిచ్చిన క్యాసెట్లన్నిట్ల టేపు అయిపోయి, ఆ పాట గాడనే తెగిపోయేది. మిగిలింది మా ఇద్దరికీ తెల్వదు.

ఫోన్ల ఎతికితే పాట మొత్తం దొరికింది. సంబురంగ "పెట్టాల్నా అమ్మా?" అన్న. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు బిడ్డా. మా ఆయన పొలం కాడ గంతదాకనే పాడుతుండె. ఆయన పోయి నాలుగేండ్లాయె. మిగిలింది వింటే, ఇది ఇంకెవరి పాటనో అయితది."

ఫోన్ సంచిల పెట్టేసిన. ఆమె పెబ్బేరుల దిగేదాక మళ్ల మొదటికెల్లి పాడుకున్నం, ఆ మాట దాకనే.

ఇంటికొచ్చి మా అక్కకు ఫోన్ల ఈ ముచ్చట చెప్తే, "ఆ పాటల, సంతకు పోయిన పిల్ల ఇంటికొచ్చిందా లేదా, నువ్వన్న జర విని చెప్పవే" అని ఒకటే సతాయిస్తుంది. నాకేమో వినబుద్ధి అయితలేదు. మీరైతే ఏం జేస్తరు?