ఇంకొక్క గొట్టం దించని మా మావయ్య

మా మావయ్య పోయారు. పోయిన మంగళవారం పొద్దున రేపల్లెలో, టీ గ్లాసు పక్కన పెట్టుకుని కుర్చీలో కూర్చున్నట్టే పోయారట. ఫోను వచ్చేసరికి నేను బాపట్లలో ఆఫీసుకి తయారవుతున్నాను. ఏడుద్దామని కూర్చుంటే ఎదురుగా కంప్యూటరు కనపడింది. అందులో ఆయన తవ్వుతున్న చమురు బావి సగంలో ఆగి ఉంది. ఆరువేల అడుగుల లోతున గొట్టం వదిలేసి వెళ్ళిపోయిన మనిషి మీద నాకు ముందు కోపమే వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది.

మావయ్య మా అమ్మకి సొంత తమ్ముడు. రేపల్లె చుట్టుపక్కల చేతిబోర్లు వేసే మేస్త్రీ. మా వైపు నేల సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. సముద్రం దగ్గర కాబట్టి మాకు ఒక ఇసుక పొరలోనే మంచినీళ్ళు ఉంటాయి. ఆ పొర దాటి కిందికి పోతే ఉప్పునీళ్ళే. ఎక్కడ ఆపాలో తెలియడమే మేస్త్రీ పనితనం. దానికి మావయ్య దగ్గరున్న పనిముట్టు నాలుక. గొట్టం వెంట పైకొచ్చిన ఇసుకని కుడి అరచేతిలోకి తీసుకుని, నాలుక చివర తగిలించి, తుపుక్కున ఉమ్మేవారు. నీళ్ళు కుదిరాయనుకుంటే ఆ చెయ్యి పైకెత్తేవారు. ఎత్తారంటే ఆపమని. గొట్టం తిప్పే కూలీలకి ఆ చప్పుడులో మాట వినపడదు, చెయ్యే కనపడుతుంది.

రెండేళ్ళ కిందట ఆ కుడిచేతికే పక్షవాతం వచ్చింది. తెనాలి ఆస్పత్రిలో ప్రాణం దక్కింది గానీ, చెయ్యి భుజానికి తగిలించిన ఖాళీ సంచిలా అయిపోయింది. అత్తయ్య అప్పటికే లేదు. అందుకని మా ఇంటికి తెచ్చుకున్నాను. ఫిజియోథెరపీ అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజుకి రెండొందల సార్లు పిసకమంది. ఆయన నాలుగు సార్లు ప్రయత్నించి, "దీంట్లోంచి ఏమీ పడేట్టు లేదమ్మాయ్" అని పక్కన పెట్టేశారు.

ఇప్పుడు నా గుట్టు చెప్పాలి. నలభై నాలుగేళ్ళొచ్చినా ఆఫీసు నుంచి రాగానే వీడియో గేములు ఆడతాను. ఇంకొకరి సీరియళ్ళకి నేను అడ్డం పోనప్పుడు నా గేములకి ఇంకొకరు అడ్డం రానక్కర్లేదని నా అభిప్రాయం. అప్పట్లో ఆడుతున్నది చమురు బావులు తవ్వే ఆట. రిగ్గు మీద గదిలో కూర్చుని, మీటలు లాగి గొట్టాలు ఎత్తి, ఒకదానికొకటి బిగించి, బురద పంపు నడుపుకుంటూ కిందికి దించాలి. ఓ సాయంత్రం వెనక కుర్చీలోంచి గొంతు వినపడింది.

"గొట్టాన్ని అలా దించుతారేంటి? బియ్యం బస్తా పడేసినట్టు."

"ఇది ఆట మావయ్యా."

"ఆటని నేలకి తెలుసా? లెగు, ఇటివ్వు."

కంట్రోలర్ ఆయన ఒళ్ళో పెట్టాను. ఎడమ బొటనవేలు గొట్టానికి, కుడి బొటనవేలు బ్రేకుకి. కుడిది కదిలితేగా. గొట్టం జారి అడుక్కి పోయింది, రిగ్గంతా గంటలు మోగాయి. ఆయన జన్మలో గొట్టం జారవిడవలేదు. నాకు మొహం చూపించకుండా వెళ్ళి పడుకున్నారు. మర్నాడు పళ్ళు తోముకోకుండానే వచ్చి కూర్చున్నారు. బంతికి లొంగని వేలు బ్రేకు కోసం పదిహేను రోజుల్లో కదిలింది. ఫిజియోథెరపీ అమ్మాయి అదంతా తన బంతి మహిమేననుకుని మురిసిపోయింది. నేనూ కాదనలేదు.

ఆట మాత్రం ఘోరంగా ఆడేవారు. మాది లూథరన్ క్రైస్తవ కుటుంబం. బోరు మొదలెట్టేముందు, పొర మారినప్పుడల్లా ప్రార్థన చేయడం ఆయన పద్ధతి. ఆటలోనూ అదే. తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, రిగ్గు మీద కూలీలని పేరుపేరునా దేవుడికి అప్పజెప్పేవారు. ఆటలో వాళ్ళకి పేర్లు లేకపోతే తనే పెట్టారు. ఆ పేర్లన్నీ అయ్యేలోపు కింద ఒత్తిడి పెరిగి రెండుసార్లు రిగ్గు అంటుకుంది. కళ్ళు తెరిచి, మంటలు చూసి, నింపాదిగా "ఆమెన్" అన్నారు.

"పాజ్ నొక్కి చేసుకో మావయ్యా" అన్నాను.

"మనం ప్రార్థన చేస్తున్నామని లోకం ఆగుద్దా అమ్మాయ్? మనమే పొట్టిగా చేసుకోవాలి."

అన్నట్టే పొట్టి చేశారు. ఆదివారం గుడిలో తన వంతు ప్రార్థన కూడా అలాగే ముగించేసరికి, ఆ పూట వేళకి ఇంటికెళ్ళి అన్నం తిన్న సంఘస్తులంతా నా దగ్గరికొచ్చి మరీ సంతోషం తెలిపారు.

అసలు తిప్పలు నీళ్ళ దగ్గర మొదలయ్యాయి. ఆటలో పైపొరల్లో మంచినీళ్ళు తగులుతాయి. అవి దాటి ఎంతో లోతుకి పోతే గానీ చమురు రాదు. మావయ్య మాత్రం నీళ్ళు తగలగానే బ్రేకు వేసి, రిగ్గు ఆపేసి, చేతులు కడుక్కోవడానికి లేచేవారు.

"వాళ్ళకి కావాల్సింది చమురు మావయ్యా."

"మంచినీళ్ళు పడ్డాక ఇంకా కిందికి పోవడమేంటి? బుద్ధున్నవాడెవడైనా పోతాడా?"

ఆటలోని కంపెనీ ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. ఇంకో కంపెనీలో చేరారు. అక్కడా నీళ్ళ దగ్గరే ఆపారు. ఏడు కంపెనీలు తిరిగారు. ఏడోసారి నాకు ఒళ్ళు మండి, "ఇంకొక్క గొట్టం దించితే ఏం మునిగిపోతుంది?" అని గట్టిగానే అడిగాను.

మావయ్య కంట్రోలర్ కింద పెట్టారు. "మీ అమ్మ బోరుకి కూడా అలాగే అనుకున్నా" అన్నారు.

అమ్మ ఉండేది అడవులదీవి దగ్గర. పంతొమ్మిదేళ్ళ కిందట అక్కడ పెరట్లో మావయ్యే బోరు వేశారు. నీళ్ళు పడ్డాయి, బాగానే ఉన్నాయి. అక్క కదా, ఇంకా మంచివి పడతాయేమోనని ఇంకొక్క గొట్టం దించారు. ఉప్పు తగిలింది. అమ్మ ఆ నీళ్ళు గ్లాసుతో పట్టి, తమ్ముడి ముందే గటగటా తాగి, బాగున్నాయిరా అంది. ఆ రోజు నుంచీ ఆయన ఎప్పుడొచ్చినా ఆయన ముందు ఆ నీళ్ళే తాగింది. ఆయన వెళ్ళాక బిందె పట్టుకుని పక్కింటికి పోయేది. ఇంకో బోరు వేస్తానంటే, ఉన్నది బానే ఉందిగా అనేది.

"తిట్టినా బాగుండేదే" అన్నారు మావయ్య. "ఇప్పుడు వేద్దామంటే చెయ్యి లేదు."

ఆ రోజే ఆయనకి ఆటలో కేసింగు చూపించాను. మంచినీళ్ళ పొరకి అడ్డంగా ఇనప గొట్టం దించి, చుట్టూ సిమెంటు పోస్తారు, ఇక కింద ఏమున్నా నీళ్ళలో కలవదు. దాన్ని తెరకి ముక్కు ఆనించి చూశారు. ఆ సిమెంటు పొయ్యడానికి మూడు రోజులు తీసుకున్నారు, నేను పొయ్యి మీంచి దించని పాలలా పొంగిపోతున్నా పట్టించుకోలేదు. ఆ తర్వాతే కిందికి పోయారు. చమురు పడ్డ రోజు ఇంటింటికీ లడ్డూలు పంచమన్నారు. ఏ సందర్భమని చెప్పాలో తెలియక నాకు ప్రమోషన్ వచ్చిందని చెప్పాను.

ఆరు నెలలకి గ్లాసు పట్టుకోగలిగారు. వేళ్ళు పూర్తిగా చాపలేకపోయేవారు, చెయ్యి ఎప్పుడూ దోసిలి సగం పట్టినట్టుండేది. అయినా రేపల్లె వెళ్ళిపోయి, శనివారాలు మాత్రం ఆటకి వచ్చేవారు. పోయిన వేసవిలో పాత కూలీలిద్దర్నీ వెంటబెట్టుకుని అమ్మ వాకిట్లో దిగారు. నేనూ ఉన్నాను.

"ఎందుకురా, ఉన్నది బానే ఉందిగా" అంది అమ్మ.

"బాలేదక్కా. పంతొమ్మిదేళ్ళుగా బాలేదు."

అమ్మ పాత బోరు వైపోసారి చూసింది. ఆఖరికి, "కాస్త ఉప్పుందిలే" అంది.

పెరట్లో రెండో మూల మొదలెట్టారు. ప్రార్థన రెండు ముక్కల్లో అయిపోయింది. గొట్టం దిగుతుంటే ఇసుక తెచ్చి ఆయన కుడి అరచేతిలో పోస్తున్నారు, ఆయన నాలుకకి తగిలించి ఉమ్మేస్తున్నారు. మధ్యాన్నం దాటాక ఒకసారి ఉమ్మకుండా ఉండిపోయారు. కుడిచెయ్యి ఎత్తారు. అది భుజం దాకా లేచి ఆగిపోయింది. కూలీలు ఇంకా లేస్తుందేమోనని చూస్తూ తిప్పుతూనే ఉన్నారు.

"ఇంతే లేస్తదిరా. ఆపండి" అని అరిచారు.

పెద్ద కూలీ ఆపి, "మేస్త్రీ, అక్కగారి బోరు కదా, ఇంకొక్క గొట్టం..." అన్నాడు.

"వద్దు. చాలు."

ఆ నీళ్ళు అమ్మ గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగింది. ఇంకో గ్లాసు పట్టుకుంది. మావయ్య గోడవైపు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. నాకు ఆయన నేర్పిందేంటని అడిగితే చెప్పగలిగింది ఒక్కటే, ప్రేమ ఎక్కువైన చోట చెయ్యెత్తి ఆపుకోవడం. అది నాకింకా పూర్తిగా రాలేదు.

మంగళవారం సాయంత్రం రేపల్లెలో పెట్టె మూసేముందు అమ్మ సంచిలోంచి కొత్త బోరు నీళ్ళ సీసా తీసింది. అంత దూరమూ బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. పాస్టరుగారు ఏదో అనబోయి పాటల పుస్తకంలోకి తల దించుకున్నారు. అమ్మ తమ్ముడి కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని, తెరుచుకోని ఆ వేళ్ళ మధ్య అరచేతిలో కాసిని నీళ్ళు పోసింది.

"ఇవి బాగున్నాయిరా" అంది. "నిజంగానే."

మూత పట్టుకున్నవాళ్ళు అలాగే నిలబడిపోయారు. ఆ చేతిలో నీళ్ళు చాలాసేపు ఒలకలేదు.