చప్పట్లు అంటించిన పాట

ఆ రోజుల్లో నేను ఏదైనా రాయాలంటే ఇంకొకరి చేత రాయించుకోవాల్సి వచ్చేది. రాసేవాళ్లు నా కోపం రాసేవారు కాదు, కాగితం నిండా వాళ్లకు తెలిసిన మర్యాదే రాసేవారు. జుట్టు నెరిశాక మా కోడలు నాకు అక్షరాలు దిద్దించింది. అందుకే ఈ సంగతి ఇంత ఆలస్యంగా, నా కోపంతోనే చెబుతున్నాను.

మాది బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డు. ఒడ్డున వల లాగేటప్పుడు ముందున్న మనిషి కేక పెడితే మిగిలినవాళ్లం హైలెస్సా అని పలకాలి. పిలుపు విని పలకకపోతే ఆ మనిషిని నీళ్లకు వదిలేసినట్టేనని మా అమ్మ అనేది. మా తమ్ముడు ఆ వల దగ్గరే గొంతు పెంచుకుని, తెనాలి కుర్రాళ్లతో కలిసి రాక్ పాటలు పాడేవాడు. నాకు పెళ్లయిన కొత్తలో వాడు రేపల్లెలో ఒక కాలేజీ గ్రౌండులో పాడుతున్నాడని తెలిసి, మా ఆడవాళ్లమంతా చేపల ట్రక్కు ఎక్కి వెళ్లాం. (మేం కూర్చోగానే ముందు రెండు వరుసలు ఖాళీ అయ్యాయి. మాకు గౌరవం ఇస్తున్నారనుకున్నాం.) తమ్ముడు జుట్టు ఎగరేస్తూ ఒక పెద్ద కేక పెట్టాడు. మాకు తెలిసిన పని ఒకటే కదా, హైలెస్సా అన్నాం. జనం మా వైపు తిరిగి నవ్వారు. వాడు మాకేసి గుడ్లురిమి మళ్లీ కేక పెట్టాడు. మేం ఇంకా గట్టిగా పలికాం. పాట ఆగిపోయింది. ఇక తిడతాడనుకున్నాను. వాడేమో నవ్వాపుకోలేక మైకులోనే, “మా అక్కలండి. వల ఒడ్డెక్కేదాకా వీళ్లు ఊరుకోరు,” అన్నాడు. ఆ తర్వాత కేక కేకకీ ఆగి, మా కోసం చోటు వదిలి పాడాడు. నా బతుకులో నేను స్టేజీకి అంత దగ్గరగా వెళ్లింది ఆ ఒక్కసారే.

మొన్న వేసవిలో వాడు కామెర్లతో పోయాడు. ఆ రేపల్లె పాటలన్నీ డ్రమ్ములు కొట్టే స్నేహితుడి దగ్గర రికార్డయి ఉన్నాయట, ఆయన వాటిని ఆల్బమ్‌గా తెచ్చి తెనాలిలో సభ పెట్టాడు. గుమ్మం దగ్గర బోర్డు మీద తమ్ముడి పేరు నేనే కూడబలుక్కుని చదివాను. (నా వెనక నిలబడ్డవాళ్లు తొందరగా కదలమ్మా అన్నారు. చదవడానికి కూడా తోపులాట తప్పలేదు.) ఆ పాట వేశారు. తమ్ముడు కేక పెట్టాడు. నేను చీర కొంగు సర్దుకుని మా గొంతుల కోసం చెవి ఒగ్గాను. చప్పట్లు వినిపించాయి. మళ్లీ కేక, మళ్లీ చప్పట్లు.

సభ అయ్యాక డ్రమ్ములాయన్ని పట్టుకున్నాను. “మా గొంతులేవి నాయనా?”

“అవి గోలగా ఉన్నాయక్కా, తీయించేశాం. ఇప్పుడు నీటుగా ఉంది కదండి.”

“వాడు పిలుస్తున్నాడు. మరి పలికేదెవరు?”

“వేరే ప్రోగ్రాంలో చప్పట్లు తెచ్చి పెట్టాంగా అక్కా.”

చేతులు అరువు తెచ్చారన్నమాట. అది వాడి పిలుపుకి పలికినట్టు లేదు, వాడు పోయినందుకు కొట్టినట్టుంది. గుమ్మం దగ్గరే శాలువా కప్పించుకుని, ఫోటో దిగి, బాపట్ల రైలెక్కాను.

మర్నాడు పొద్దున్నే ఒడ్డుకెళ్లి, ఫోనులో ఆ పాట పెట్టి, వల లాగేవాళ్ల మధ్య నిలబడ్డాను. రేపల్లె వచ్చిన వాళ్లలో మిగిలిన ముసలాళ్లు కూడా తాడు పట్టుకున్నారు. తమ్ముడు కేక పెట్టినప్పుడల్లా పలికాం. చప్పట్లు ఒక్కటి కూడా వినబడనివ్వలేదు. వలలో పడింది కాసిని కవళ్ల చేపలే. వాటినే తట్టకెత్తుకుని బాపట్ల వీధుల్లోకి వెళ్లాను గానీ, చేపలమ్మా అని అరవడానికి ఆ రోజు నాకు గొంతు లేదు.